చెయ్యి పట్టని డాక్టరమ్మ

మా వైపు ఊర్లల్లో డాక్టరు కనపడితే జనం మొదట నోరు తెరవరు, చెయ్యి చాపుతారు. మణికట్టు పైకి తిప్పి ముందుకు పెడతారు. పట్టి చూసినాకే మాటలు. రష్యాలో ఆరేండ్లు డాక్టరు చదువు చదివి, తొంభైల చివర్లో బెళుగుప్ప దగ్గర మా ఊర్లో బస్సు దిగితే, ఇల్లు చేరేలోపల పదిమంది చేతులు చాపినారు. నవ్వుకుంటా అందరివీ పట్టినా. ఒకామెకు రక్తం తక్కువుండాదని చెప్పినా, ఒకాయన్ని బీడీ మానమన్నా. మా నాయన నా పెట్టె నెత్తిన పెట్టుకొని ప్రతి ఇంటి దగ్గరా ఆగినాడు, ఇంకెవరన్నా వస్తారేమోనని. అంత సంబరం మళ్ళీ ఆయన మొగంలో చూడలేదు.

నాకు అప్పటికి డిగ్రీ ఉండాదే గాని వైద్యం చేసే హక్కు లేదు. చదువు అయినాక ఒక ఏడాది ఆసుపత్రిలో పెద్ద డాక్టర్ల కింద పని చెయ్యాల. హౌస్ సర్జన్ అంటారు దాన్ని. నేను ఆడ ఆర్నెల్లే చేసినా. ఆ కాలంలో ఆ దేశమే తలకిందులై ఉండె, ఆసుపత్రిలో దూదికి కూడా కరువు. మిగతా ఆర్నెల్లు మన దగ్గర చేసుకోవచ్చులే అని నాకంటే ముందు చదివినోళ్ళు చెప్తే నమ్మి వచ్చేసినా. నా తెలివి తెల్లారినట్టే ఉండె.

హైదరాబాదులో డాక్టర్ల రిజిస్ట్రేషన్ ఆఫీసుకు నాయనా నేనూ పోయినాము. గుమాస్తా మంచోడే. ఫైలు తిరగేసి, సగం చేసింది లెక్కలోకి రాదమ్మా, మొదటినుంచి ఏడాది చెయ్యాల అన్నాడు. చేస్తా, యాడ చెయ్యాలో చెప్పమన్నా. దానికి ముందు తాత్కాలిక రిజిస్ట్రేషన్ కావాలంట. దానికి ముందు కాయితాలన్నీ రష్యన్ నుంచి ఇంగ్లీషులోకి మార్పించి ముద్రలు వేయించాలంట. ఆ సర్టిఫికెట్లు నిజమైనవేనని నేను చదివిన చోటినుంచి జాబు రావాలంట. జాబు రాసినా, రాలేదు. మళ్ళీ రాసినా. ఏడాదిన్నరకు వచ్చింది, దాంట్లో పుట్టిన తేదీ తప్పు. ఆ తప్పు దిద్దించే లోపల గోరుచుట్టు మీద రోకటిపోటు మాదిరి కొత్త రూలు వచ్చింది. బయటదేశంలో చదివినోళ్ళంతా ఈడ ఇంకొక పరీక్ష పాసు కావాల. అది పాసైతేనే తాత్కాలికం, ఏడాది పని చేస్తేనే పక్కాది. అమ్మ పెట్టదు, అడుక్కు తిననియ్యదు అంటారే, ఆ సామెత నాకోసమే పుట్టించినట్టుండె.

ఆ మొదటి రోజే గుమాస్తా ఒక మాట చెప్పినాడు. ఇదంతా అయ్యేదాకా ఊర్లో ఎవరి చెయ్యీ పట్టొద్దు, ఎవడన్నా గిట్టనోడు ఒక అర్జీ పడేసినాడంటే నీ చదువంతా నీళ్ళలో పోసినట్టే అన్నాడు. ఊర్లో పదిమంది చేతులు అప్పటికే పట్టి వచ్చినా కదా. ఆ పొద్దునుంచి ఎవరు చెయ్యి చాపినా నా చేతులు రెండూ వీపు వెనక్కి పోయేవి. "ఉరవకొండకు పోండి, ఆడ చూపించుకోండి" అని మాత్రం చెప్పేదాన్ని. కారణం చెప్తే ఒకరికన్నా అర్థమైతే ఒట్టు. తాత్కాలిక రిజిస్ట్రేషన్ అనే మాట మా ఊర్లో ఏ నోటికి పలుకుతుంది? ఉరవకొండలో పదో తరగతి తప్పిన ఒకాయన మోపెడ్ మీద ఊరూరా తిరిగి సూదులేసేవాడు. ఆయప్పకు రిజిస్ట్రేషనూ లేదు, భయమూ లేదు. ఆయప్పను అందరూ డాక్టరనే పిలుస్తారు, ఆయప్పకు అందరూ చెయ్యి చాపుతారు.

అప్పుడు జరిగింది అసలు సంగతి. మొదటి రోజు నేను చెయ్యి పట్టిన పదిమందిలో ఒక ముసలాయప్ప మూడునెల్లకు పోయినాడు. ఎనభై దాటిన మనిషి, ఎండదెబ్బకు పోయినాడు. నేను చేతులు వెనక్కి పెట్టుకోవడమూ, ఆయన పోవడమూ ఒకటే కాలంలో పడినాయి. ఊరు రెండూ కలిపి ముడేసింది. ఆయమ్మ హస్తవాసి మంచిది కాదు, చెయ్యి తగిలితే మనిషి నిలవడు, ఆ సంగతి ఆయమ్మకే తెలుసు గాబట్టే పట్టదు అని. ఎద్దు ఈనిందంటే గాటికి కట్టెయ్యమనే జనం మాది. మా అమ్మ నీళ్ళకు పోయిన చోట విని వచ్చి, బిందె దించకుండానే ఏడ్చింది. నేను నవ్వినా. ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు.

పరీక్ష మూడుసార్లు రాసినా. ఇంట్లో దూలానికి బల్బు, దాని కింద శెనక్కాయ మూటలు, మూటల మీద నా పుస్తకాలు. రష్యన్‌లో నేర్చుకున్న ఎముకల పేర్లు ఇంగ్లీషులో మళ్ళీ బట్టీ పట్టేదాన్ని. మాట్లాడేదానికి ఒక మనిషి లేదు. నాతోపాటి ఆడపిల్లలంతా బిడ్డల్ని చంకనేసుకొని పుట్టింటికి వచ్చేవాళ్ళు. బిడ్డను నా చేతికి ఎవ్వరూ ఇచ్చేవాళ్ళు కాదు. నేనే చేతులు చాపితే, నిద్రపోతాండాడులే అక్కా అనేవాళ్ళు. బిడ్డ నన్ను చూసి కండ్లు తెరుచుకొని నవ్వుతా ఉండేవాడు. ఆ ఏండ్లల్లో నాకు అన్నిటికంటే ఎక్కువ నొప్పి పుట్టించింది ఇదే. రెండుసార్లు పరీక్ష తప్పినందుకు కూడా అంత ఏడవలేదు.

మూడోసారి పాసైనా. జిల్లా ఆసుపత్రిలో ఏడాది పని దొరికింది. నాకంటే ఏడెనిమిదేండ్లు చిన్న పిల్లల మధ్య నేను. వాళ్ళు నన్ను ఆంటీ అనేదానికి నోరు రాక, మేడం అనేదానికి మనసు రాక, ఏమీ అనకుండా పిలిచేవాళ్ళు. ఆడ మొదటి రోజు వార్డులో ఒకాయప్ప మణికట్టు నా ముందర పెట్టినాడు. పట్టుకున్నా. నిమిషం అయిపోయినా ఇడిసిపెట్టలేకపోయినా. ఏమమ్మా, అంత జబ్బుండాదా అని భయపడినాడు పాపం. ఏమీ లేదప్పా అని చెప్పి బయటికి పోయి మొగం కడుక్కున్నా. మా ఊరాయన ఒకడు ఆ ఆసుపత్రికి వచ్చి, నేను రక్తం తీసేది, సెలైన్ పెట్టేది చూసి పోయి, ఆయమ్మ ఆడ నర్సంట అని చెప్పినాడంట. పోనీలే, చెయ్యి చెడ్డదనలేదు.

పక్కా రిజిస్ట్రేషన్ కాయితం పోస్టులో వచ్చింది. ఊరికి వచ్చి ఏడేండ్లు దాటింది అప్పటికి. నాయన దానికి అద్దం కట్టించి, ఇంటి ముందరి గదిలో తగిలించి, ఒక బెంచీ వేసినాడు. పొద్దున ఎనిమిదికి కూర్చునేదాన్ని, మధ్యాన్నం ఒంటిగంటకు లేచేదాన్ని. మొదటి మూడునెల్లల్లో గడప తొక్కింది ముగ్గురు. ఒకాయన బస్సు టైము అడిగినాడు. ఒకామె మా అమ్మ యాడుండాదని అడిగింది. ఒకడు కుక్క తరిమితే లోపలికి వచ్చినాడు. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నా సంగతి అంతకంటే హీనం, చెట్టుకు విషముండాదని చాటింపు అయిపోయింది. అనంతపురానికి పోయి ఏదన్నా ఆసుపత్రిలో చేరమని అమ్మ పోరు పెట్టింది. నాకు పట్టుదల. ఈ ఊర్లోనే ఒక్క చెయ్యన్నా నా ముందరికి రావాల, అదయ్యేదాకా కదలనన్నా. మొండితనం నాకు నాయన దగ్గర్నుంచే వచ్చింది.

ఆ ఏడు విత్తనాలకు కాయలు ఒలిచే దినాల్లో, పొద్దున పదిగంటలప్పుడు, మా వసారాలో పది పన్నెండు మంది ఆడోళ్ళు కూర్చోని కాయలు ఒలుస్తాండారు. నాయన గోడకు ఆనుకొని ఉన్నాడు. ఉన్నట్టుండి చెమటలు పట్టినాయి, ఎడమ చెయ్యి గుంజుతాండాదన్నాడు. నాకు చూస్తానే తెలిసిపోయింది. గదిలోకి ఉరికి ఆస్పిరిన్ మాత్ర తెచ్చి, నమిలి మింగమని నోటి దగ్గర పెట్టినా. ఆయన పెదాలు గట్టిగా మూసుకున్నాడు. మణికట్టు పట్టుకోబోతే రెండు చేతులూ చంకల్లో దూర్చుకున్నాడు. నన్ను దగ్గరికి రమ్మని సైగ చేసి, నాకొక్కదానికే వినపడేటట్టు అన్నాడు.

"నాకేమన్నా అయితే నీ చెయ్యంటారు పాపా. మీ అమ్మ చేత ఇప్పించు."

వాదించేదానికి టైము లేదు. నాకు వచ్చిన కోపానికి ఆయన దవడ పట్టి తెరిచేదాన్నే. కానీ ఆయన తెరిచే రకం కాదు. మాత్ర అమ్మ అరచేతిలో పెట్టినా. అమ్మ ఆయన నోటికి అందించింది. గబుక్కున నమిలినాడు. అంతమందీ చూస్తానే ఉండారు. జీపులో అనంతపురం దాకా నా ఎదురుగా కూర్చున్నాడు, చేతులు చంకల్లోనే. గొంతు దగ్గర నరం కొట్టుకునేది చూసి గుండె లెక్క పెట్టుకుంటా పోయినా.

ఆడ పెద్ద డాక్టరు, ఆ మాత్ర పడకపోతే ఈయన ఈడిదాకా వచ్చేవాడు కాదు, ఎవరిచ్చినారు అని అడిగినాడు. తోడొచ్చిన ఊరోళ్ళు మా అమ్మను ముందుకు తోసినారు. అమ్మ నా పక్క చూసింది. నాయన మంచం మీదనుంచే కండ్లతో వద్దన్నాడు.

ఇంక చూడు, ఊర్లో మా అమ్మ హస్తవాసికి పేరొచ్చింది. తలనొప్పికి, జ్వరానికి, బిడ్డ పాలు తాగకపోతే, అందరూ మా అమ్మ దగ్గరికే. అమ్మ బెంచీ మీద కూర్చోని చెయ్యి పట్టి, గోడ గడియారం పక్క గంభీరంగా చూసేది. గడియారంలో గంటలు చూసేది తప్ప నిమిషాలు చూసేది ఆమెకు రాదు. ఆపైన తలుపు వెనకాలకు వచ్చి, "కడుపునొప్పంట, ఏమిచ్చేది?" అనేది. ఎన్నాళ్ళనుంచో అడుగు, వాంతులుండాయేమో అడుగు, కడుపు కుడిపక్క నొక్కి చూడు అని నేను చెప్పేదాన్ని. అడిగి వచ్చేది. మాత్ర నేను అమ్మ చేతిలో పెడితే, అమ్మ చేతిమీదుగా పోయేది. జనానికి తగ్గేది. నాకు నవ్వొచ్చేది, ఏడుపొచ్చేది. తలుపు సందులోంచి వాళ్ళ కాళ్ళు మాత్రం కనపడేవి, ఎవరి కాళ్ళెవరివో గుర్తు పట్టేదాన్ని.

ఒక పొద్దు తట్టుకోలేక నాయన్ని అడిగినా. ఆ మాత్ర ఇచ్చింది నేనని చెప్పు నాయనా, నీ నోటితో చెప్తే నమ్ముతారు అన్నా.

"చెప్తా పాపా. కొన్నాళ్ళు గట్టిగా బతికి చూపిస్తా, అప్పుడు చెప్తా. ఈ పొద్దు చెప్పి రేపు నేను పోతే, ఇంక నీ చెయ్యి ఎప్పటికీ లేవదు."

పంట ఇంటికి వచ్చినాక చెప్తానన్నాడు. వచ్చింది కొంచెమే గాని వచ్చింది. అప్పుడు కొంచెం ఆయాసంగా ఉండాదన్నాడు. వానలు పడినాక అన్నాడు. ఆయన మందులన్నీ నేనే ఎంచేదాన్ని, అమ్మ చేతిమీదుగానే మింగేవాడు. ప్రతి ఏడూ ఆయన ఇంకొన్నాళ్ళు ఉండేదానికి నేను మందులు మారుస్తా ఉంటే, ఇంకొన్నాళ్ళు చూసి చెప్తానని ఆయన. నాలుగేండ్లు బతికినాడు. చెప్పలేదు.

ఒక మధ్యాన్నం ముద్ద తిని మంచం మీద పడుకున్నోడు లేవలేదు. ఆడోళ్ళంతా వచ్చి అమ్మ చుట్టూ కూర్చున్నారు. ఒక పెద్దామె అమ్మ కుడి చెయ్యి తీసుకొని కండ్లకద్దుకొని, "ఈ చెయ్యే కదమ్మా నాలుగేండ్లు నిలబెట్టింది ఆయప్పను" అని ఏడ్చింది. అమ్మ తలెత్తి నా పక్క చూసింది, చెప్పేస్తా అన్నట్టు. వద్దని తలాడించినా. నాయన పోయిన పొద్దు చెప్తే ఆ నాలుగేండ్లు నా చేతి లెక్కలోకి రావు, ఆ చావొకటే వస్తుంది.