పంచె పట్టుకున్న గద

తాండూరు నాటకంలో భీముడినైన నా గద దుర్యోధనుడి పట్టుపంచెకు ఎందుకు అతుక్కుందో నేను అప్పుడు చెప్పలేదు.

మా వికారాబాదు నాటక సమాజానికి కిరీటాలూ గదలూ పోతపోసేది మా మేనమామ. అంత పనివాడు జిల్లాలో లేడని ఆయనే చెప్పేవాడు. ఏది పోసినా గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, కచేరీ వింటున్నట్టు కళ్లు మూసుకునేవాడు. "గుగ్గిలం పగుల్తది, లక్క ఎండకు మెత్తబడ్తది" అని తీర్పిచ్చేవాడు. వినేవాళ్లు లేకపోతే గోడకైనా చెప్పేవాడు.

పంతొమ్మిదివందల అరవైల చివర హైదరాబాదు నుంచి రెజిన్ డబ్బా తెచ్చాడు. గట్టిపడే మందు కలిపితే అది రాయిలా అవుతుంది. దాంతో ఒక పువ్వు పోసి, "సప్పుడు ఇన్నవా అల్లుడా? అచ్చం గంటే!" అంటూ ఊరంతా కొట్టి వినిపించాడు.

గద పోసేటప్పుడు మందు కలపడం నా పని. సీసా జారి చాలావరకు ఒలికిపోయింది. మామ ఎవరికో రెజిన్ గొప్పలు చెబుతూ చూడలేదు. మిగిలిందే కలిపేశాను.

రంగు కింద గద పచ్చిగానే ఉండిపోయింది. పెట్రోమాక్స్ వేడికి బంకై పంచెను పట్టుకుంది. నేను లాగితే పంచె ఊడొచ్చింది. సమాజం వాళ్లు మామను "రెజిన్ సాబ్" అని ఎక్కిరించి, ఆ పని ఇంకొకరికిచ్చారు. నేనూ వాళ్లతో కలిసి నవ్వాను. మామ మళ్లీ దేన్నీ గోటితో కొట్టి చూడలేదు.

ఇప్పుడు పరిగిలో ఉంటున్న ఆయనకు మొన్న నిజం చెప్పాను.

"నాకెందుకు జెప్తున్నవ్‌రా? నవ్వినోళ్లకు జెప్పు," అన్నాడు.

అందుకే అందరూ చదివేలా రాస్తున్నాను. రెజిన్ మంచిదే. మందు ఒలకబోసింది నేను. మాఫ్ చెయ్యి మామా.