అవ్వ తట్టి చూసిన గట్టు

నా చిన్నప్పుడు, తొంభైల చివరి ఏళ్లలో, గుమ్మఘట్ట దగ్గరి మా ఊళ్లో చాలా ఇళ్లవి మట్టి గోడలే. వాటికి మెత్తే ఎర్రమన్ను కోసం ఆడవాళ్లు ఊరి బయట గుట్ట వారన ఉన్న గుంతకు వెళ్లేవాళ్లు. పైమన్నులో రాళ్లు ఎక్కువ, మెత్తటి మన్ను అడుగున ఉండేది. ఏళ్ల తరబడి అందరూ అడుగునే తవ్వగా తవ్వగా, పై గట్టు చూరులా ముందుకు వంగి నిలబడింది.

ఎండి ఎండి ఉన్న ఊరికి ఒకసారి రెండు రోజులు ముసురు పట్టింది. పక్కింటి అక్క పెళ్లికి ఇంకో ఐదు రోజులే ఉంది. వానకు వాళ్ల ముందు గోడ పెచ్చులూడింది. తెరిపి ఇవ్వగానే అక్క గంప, పార తీసుకుని బయలుదేరింది. మా అవ్వ, నేను తోడు వెళ్లాం.

అక్క నేరుగా గట్టు కిందికి దూరబోతుంటే అవ్వ పార లాక్కుంది. "ఉండమ్మీ. ముందు గట్టునడుగుదాం."

గట్టు ఎత్తు తగ్గిపోయే చివరన, మీద పడేంత ఎత్తు లేని చోట, అవ్వ గంప వెడల్పున రెండు పక్కలా, వెనకా గాడి కోసింది. చిన్న మట్టి దిమ్మె విడిగా నిలిచింది. దాని నడుమ వేలెడు మందాన తెల్ల సుద్ద పొర తడిసి మెరుస్తోంది. అవ్వ అరచేత్తో దిమ్మె నెత్తిన తట్టసాగింది. ముందు మణికట్టు మాత్రమే ఆడించి, తర్వాత మోచెయ్యి ఎత్తి.

"మన్నుకు జ్వరం చూస్తాండావా అవ్వా? మా అమ్మ పుట్టకముందు నుంచీ ఉండాది ఈ గట్టు" అని అక్క నవ్వింది.

"ఎండలో ఉండాది. తడిసినాక దీని సంగతి నీకేం తెలుసు?"

మోచెయ్యి ఎత్తి కొట్టిన రెండో దెబ్బకే పై ముక్క సుద్ద మీంచి జారి నా కాళ్ల ముందు పడింది. విరిగి పడలేదు, తడి సబ్బులా జారింది. అంతకు ముందు ఏడాది ఇలాగే కోసిన ఎండు దిమ్మెను అవ్వ భుజం ఎత్తి కొట్టినా కదల్లేదు.

అయినా అక్కకు గోడే కళ్ల ముందు ఉంది. నాలుగు గంపలే, ఉరికి పోయి ఉరికి వస్తానంది. అవ్వ పార మీద కూర్చుంది.

"గోడ బాగలేకుంటే పెండ్లి నిలబడిపోదు. నువ్వు లేకుంటే నిలబడిపోతాది."

ఆ పూటంతా దిగువ వంకలో వాన మేట వేసిన మన్ను ఎత్తి, రాళ్లు ఏరాం. గోడ గరుకుగానే వచ్చింది. పెళ్లికొచ్చిన వాళ్లెవరూ దాని ముఖం చూడలేదు.

ఆ గట్టు పెళ్లినాటికీ పడలేదు, ఆ వానాకాలమంతా పడలేదు. అవ్వ మాట తప్పయిందని నాకు చిన్నతనంగా ఉండేది. గట్టు పడకపోయినా ఆమె చెప్పింది సరైనదేనని తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు, "నిన్నటిదాకా నిలిచింది కదా" అన్న ధీమా ఎవరి మాటలో విన్నా, మధ్యలో ఏం తడిసిందో అడుగుతాను. అనుమానముంటే వద్దని గట్టిగానే చెబుతాను. నవ్వితే నవ్వనిస్తాను.

అక్క ఇప్పటికీ కలిసినప్పుడల్లా, మనవరాలిని చంకనేసుకుని, "ఆ గట్టు పడనే లేదు కదా" అని ఎగతాళి చేస్తుంది. ఆ ఎగతాళి ఎన్నిసార్లు విన్నా నాకు ఇష్టమే.