నా ఇప్పపూలు ఎత్తిన ముసలామె

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాదు. పదేళ్ల పిల్లగా ఉన్నప్పటి నుంచి తెల్లవారకముందే అడవికి వెళ్లి ఇప్పపూలు ఏరుతున్నాను. ఏ దయ్యమూ నన్ను పలకరించలేదు.

మాది పినపాక అవతల అడవి ఊరు. పోయిన ఎండాకాలం నా మనవరాలు నాగమణికి ఏడో నెల. దవాఖానాలో పరీక్ష చేసి ఒంట్లో రక్తం ఆరు గ్రాములే ఉందన్నారు. గోళీలు వేస్తే కక్కుకునేది. ఇలాగే ఉంటే కాన్పులో తల్లీబిడ్డలు దక్కరని, ఐరన్ మందు సెలైన్‌లో కలిపి రోజు విడిచి రోజు ఎక్కించాలని చెప్పారు.

మూడో సీసా నాడు వాకిట్లో ఇప్పపూలు ఆరబోసి నాగమణిని తీసుకుని దవాఖానాకు వచ్చాను. పదిన్నరకే మబ్బు పట్టింది. తడిస్తే పూలకు బూజు పడుతుంది, ఏడాది తిండి పోయినట్టే. సీసాలో నల్ల టీ రంగు మందు ఇంకా సగం ఉంది.

"ఇది దిగేసరికి పొద్దుగూకుతది. జర చక్రం తిప్పుతా" అన్నాను.

"వద్దు అమ్మమ్మా, సిస్టర్ తిడతది."

"తిడితే నన్ను తిడతది. నీకేంది?"

పైపుకున్న చక్రం మీద వేలు పెట్టాను. పక్క మంచం మీద కూర్చున్న ముసలామె నా మణికట్టు పట్టుకుంది. చల్లటి చెయ్యి, మోచేతి దాకా పచ్చబొట్లు.

"చెయ్యి తియ్యి పిల్లా. నీ పూలు నేనెత్తిన" అంది.

నన్ను పిల్లా అని పిలిచేవాళ్లు ఎవరూ బతికి లేరు.

అప్పుడే సిస్టర్ వచ్చి నా వేలు చూసి మండిపడింది. "ఏందమ్మా గిది! జల్దీ ఎక్కిస్తే బీపీ పడిపోతది. పిల్ల పానం మీదికొస్తది!"

తిరిగి చూస్తే పక్క మంచం ఖాళీ. పొద్దుటి నుంచి దాని మీద ఎవరూ లేరంది సిస్టర్. "ఎవరితోటి మాట్లాడినవ్?" అని నాగమణి నన్నే అడిగింది.

సీసా అయిపోయేదాకా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బయట వాన దంచికొట్టింది.

ఇంటికి వచ్చేసరికి వాకిలంతా బురద. పూలు చూరు కింద గంపలో ఉన్నాయి, పైన గోనెసంచి కప్పి. ఒక్క పువ్వు తడవలేదు. ఇంటింటికీ వెళ్లి అడిగాను. ఆ వేళ అందరూ ఉపాధి పనిలోనే ఉన్నారట. ఎవరూ ఎత్తలేదు.

ఐదు సీసాలూ ఎక్కాక రక్తం పెరిగింది. కాన్పు తేలిగ్గా అయింది. ఆడపిల్ల. ఇప్పుడు అదే గంప చుట్టూ పాకుతోంది.

ఆమె ఎవరో నాకు నేటికీ తెలియదు. దయ్యాలను ఇప్పటికీ నమ్మను. కానీ ఈ ఏడు పూలు ఎండాక ఒక దోసెడు తీసి చూరు కింద విడిగా పెట్టాను. పని చేయించుకుని కూలి ఎగ్గొట్టే మనిషిని కూడా కాదు నేను.