కుడి పక్క ఆకు

మా అక్క రవిక ఒకటి నా పెట్టెలో ఉంది. తెల్ల మల్లుగుడ్డలో చుట్టి పెట్టాను. దాని దగ్గర కర్పూరం గాని, కలరా ఉండలు గాని ఉంచను. ఆ ఘాటుకి రవిక మీది జరీ తీగ నల్లబడుతుందని నాకు పని నేర్పిన అమ్మాయి చెప్పింది. అక్క పోయి రెండేళ్ళు దాటింది. ఏటా వానలు వెళ్ళాక ఒకసారి విప్పి, నీడన ఆరబెట్టి, మళ్ళీ చుట్టేస్తాను. ఆ రవిక కుడి పక్కన తీగతో కుట్టిన పెద్ద ఆకు ఒకటి ఉంటుంది. దాని కింద ఏముందో అక్కకీ, నాకూ, ఆ అమ్మాయికీ తప్ప ఎవరికీ తెలియదు.

మాది ద్రాక్షారామం. అక్కని ఇచ్చింది యానాం. నేను యానాం బస్సెక్కితే చాలు, అక్కడ మందు చవక గనక, వీధిలో మగవాళ్ళు సీసాలు తెమ్మని ఖాళీ సంచీ ఇస్తామంటూ వేళాకోళం చేసేవారు. అక్కకి కాకినాడ ఆస్పత్రిలో ఆపరేషను అయినప్పటి నుంచి మాత్రం ఎవరూ ఆ మాట అనలేదు. కుడి రొమ్ము తీసేశారు. మనిషి కోలుకుంది, అన్నం సయించింది, జుట్టు మళ్ళీ వచ్చింది. కూతురికి సంబంధం కూడా కుదిరింది. ముహూర్తం వైశాఖంలో పెట్టారు.

ఆ కబురు తెలిసి వెళ్తే, అక్క వంటింటి గడప దగ్గర కూర్చుని మునగాకు దూస్తోంది. తల ఎత్తకుండానే అంది.

"పీటల మీద నువ్వూ మీ ఆయనా కూర్చోండే. పిన్నీ బాబాయీ కూర్చున్నా తప్పులేదని పంతులుగారు చెప్పారు."

"అదేంటక్కా, నువ్వుండగా నేనేంటి?"

"ఉన్నాను గాని కూర్చోలేను. అల్లుడి కాళ్ళు కడిగేటప్పుడు నీళ్ళు పోయాలి కదా. చెయ్యి చాపితే పమిట జారుతుంది. ఎదురుగా కెమెరా వాళ్ళు, పక్కన వియ్యాలవారు. ఈ పక్క ఎక్కడ దాచుకోను?"

పమిట ఎడమ భుజం మీద వేసుకుంటాం కదా, ఎడమ పక్క ఎలాగూ కప్పుకుపోతుంది. కుడి పక్కే బయటికి కనిపిస్తుంది. అక్కకి అక్కడ రవిక లోపలికి పడిపోయి, ముడతలు తేలి ఉండేది. ఆస్పత్రి వాళ్ళు ఇచ్చిన మెత్త చెమటకి జారిపోతోందని తీసి అవతల పెట్టేసింది. కొలతలు ఇవ్వడం ఇష్టంలేక, ఆడ టైలరు దగ్గరికి కూడా వెళ్ళలేదు. ఏడాదిగా పాత రవికలతోనే, పమిట నిండా కప్పుకుని నెట్టుకొచ్చింది.

ఒక్కతే కూతురు. ఆ పీటల మీద నేను కూర్చుంటే, అక్క వెనకాల జనంలో నిలబడి చూడాలి. నాకు మునగాకు వాసన కూడా గిట్టలేదు ఆ పూట.

"రవిక నేను కుడతాను," అన్నాను.

"పెళ్ళికూతురి తల్లి మగ్గం పని లేకుండా పీటలెక్కితే బాగుంటుందా?"

"అదీ నేర్చుకుంటాను."

"యాభై రెండేళ్ళకా?"

"కళ్ళజోడుంది కదక్కా."

"నీకు కళ్ళజోడుంది. చూసేవాళ్ళకి కళ్ళున్నాయి," అంది. కాని కొలతలు తియ్యనిచ్చింది. గోడవైపు తిరిగి నిలబడింది. కుడి చెయ్యి వాచి ఉండేది, సగం దాకానే లేచింది.

"చూడకే."

"టేపే చూస్తున్నానక్కా."

మా వీధి చివర ఒక అమ్మాయి ముందు గదిలో మగ్గం పెట్టుకుని రవికలకి పని చేస్తుంది. నాలుగు కర్రల మధ్య గుడ్డని డప్పులాగా బిగించి, దాని మీద తీగతో కుడుతుంది. మొదటి వారం నాకు సూదే ఇవ్వలేదు. స్ప్రింగులాగా చుట్టలు చుట్టి ఉండే సన్న తీగ ఇచ్చి, గింజలు గింజలుగా కత్తిరించమంది.

"లాగకండి పిన్నిగారూ. ఒకసారి సాగిందంటే మళ్ళీ దగ్గరికి రాదండి."

ముక్క పొడుగైతే గూనిలా లేస్తుంది. పొట్టిదైతే లోపలి దారం బయటపడుతుంది. కంటితోనే కొలవాలి. ఆ తర్వాత జరీ పరచడం చూపించింది. తీగ గుడ్డలోంచి దిగి పైకి వస్తుందని నేను ఇన్నేళ్ళూ అనుకున్నాను. తీగ అసలు గుడ్డలోకి దిగదు. పైనే పడుకుని ఉంటుంది. దాని రంగు సన్న దారం ఒకటి అటూ ఇటూ దాటుతూ, దాన్ని కదలకుండా పట్టి ఉంచుతుంది. పని అంతా ఆ దారానిదే, చూసేవాళ్ళకి కనపడేది మాత్రం తీగ.

అక్క సంగతి ఆ అమ్మాయికి చెప్పక తప్పలేదు. విన్నాక ఫోను తీసి బొమ్మలు చూపించింది. "ఇప్పుడు రెండు వైపులా ఒకేలా అడగట్లేదండి. ఒక పక్కే తీగపాదు పాకించి, రెండో పక్క ఖాళీగా వదిలేయమంటున్నారు. మనం కుడి పక్కన పాకిద్దామండి."

అక్క పీటల మీద కట్టబోయే చీరలోనే వచ్చిన వంగపండు రంగు పట్టుముక్క మగ్గానికి ఎక్కించాం. చైత్రం వచ్చేసరికి కుడి పక్కన పాదు సగం పాకింది. అప్పుడు ఆ అమ్మాయి అత్తారింటికి వెళ్తూ, పని ఆగకూడదని మగ్గాన్ని మా వసారాలో పెట్టించి వెళ్ళింది.

ఎండలు ముదిరాయి. నా చేతులకి చెమట ఎక్కువ. నాలుగు రోజుల తర్వాత చూస్తే, నా వేళ్ళు ఎక్కువ ఆనినచోట తీగ నల్లబడి ఉంది. అది శుక్రవారం. అప్పుడే దీపపు కుందులు తోమి బోర్లించాను. గిన్నె అడుగున చింతపండు గుజ్జు మిగిలింది. చిటికెడు ఉప్పు వేసి, వేలి కొసతో తీగ మీద మెల్లగా రుద్ది, తడిగుడ్డతో తుడిచాను. తళతళలాడింది. మా ఆయన్ని పిలిచి మరీ చూపించాను.

సాయంత్రానికి బంగారు రంగు పోయింది. ఎర్రటి రాగి బయటపడింది. తీగ కింద పట్టు మీద అరచేయంత మరక, గోధుమ రంగులో.

ఆ అమ్మాయి అత్తారింటి నుంచి తిరిగొచ్చి చూసి, మగ్గం పక్కన కూలబడింది.

"పిన్నిగారూ, ఇది ఇత్తడి చెంబు కాదండి. రాగి మీద పూతండి. పులుపు పూతని తినేసింది."

ఆ అమ్మాయి మరక అంచంతా వేలితో తడిమి చూసింది.

"గుడ్డ ఇంకేమైనా ఉందాండి?"

"చేతులకీ వీపుకీ సరిపోయిందమ్మా. అదే రంగు మళ్ళీ ఎక్కడ దొరుకుతుంది?"

పెళ్ళికి పన్నెండు రోజులే ఉంది. చెడిన తీగంతా ఇద్దరం చిన్న కత్తెరతో కత్తిరించి తీశాం. మరక మిగిలిపోయింది. ఆ అమ్మాయి సుద్దముక్కతో మరక చుట్టూ ఒక పెద్ద ఆకు గీసింది.

"పలచగా కుడితే మరక తెలుస్తుందండి. అడుగున దూది గట్టిగా పరిచి, దాని మీద తీగ దగ్గర దగ్గరగా వెయ్యాలి. ఎత్తుగా వస్తుంది మరి."

"రానీ అమ్మా," అన్నాను. మరక కప్పడం తప్ప నాకు ఇంకో ధ్యాస లేదు.

ఆ ఆకు తొమ్మిది రోజులు పట్టింది. పది గింజలు కుట్టడం, చేతులు తుడుచుకోవడం, పౌడరు రాసుకోవడం, మళ్ళీ పది గింజలు. ఈనె మాత్రం ఆ అమ్మాయే వేసింది. పదో రోజున రవిక కుట్టేసి, కుడి చెయ్యి కాస్త వదులుగా ఉంచి, మర్నాడు యానాం తీసుకెళ్ళాను.

అక్కకి ముందే చెప్పేశాను. వేసుకున్నాక చెప్పడం నాకు న్యాయమనిపించలేదు.

"చింతపండా?" అంది అక్క. "అమ్మ పోలికే నీది. పూజ సామానూ నా రవికా ఒకటే అయిపోయాయి."

ఆపరేషను తర్వాత అక్క పూర్తిగా నవ్వడం అప్పుడే చూశాను. నవ్వు ఆగాక తలుపు గడియ పెట్టింది. ఈసారి గోడవైపు తిరగలేదు. నావైపే తిరిగి నిలబడి చేతులు తొడిగించుకుంది. కుట్టు గీత పక్కటెముకల మీదుగా చంక దాకా ఉంది. నేను తల దించుకోలేదు. హుక్కులు పెట్టాను.

ఆకు లోపలికి పడిపోలేదు. దూదికీ తీగకీ గుడ్డ బిరుసెక్కి, దానంతట అదే ఎత్తుగా నిలబడింది. తెలిసి చేసినదైతే చెప్పుకునేదాన్ని. మరక కప్పబోతే అలా కుదిరింది.

"బరువుగా ఉందే," అంది అక్క.

"తీగ బరువక్కా. గుచ్చుకుంటోందా?"

"లేదు. ఇన్నాళ్ళూ ఈ పక్క ఏమీ లేక, మనిషిని ఒక వైపుకి ఒరిగిపోతున్నట్టు ఉండేది." అరచేయి ఆకు మీద పెట్టుకుని అద్దంలో చాలాసేపు చూసుకుంది. తర్వాత అడిగింది.

"నీళ్ళు పడితే పాడవుతుందా ఇది?"

"తడి తగలకూడదక్కా. నల్లబడుతుంది."

"అయితే జాగ్రత్తగా పోస్తాలే."

పెళ్ళిలో పీటల మీద అక్కా బావగారూ కూర్చున్నారు. నేనూ మా ఆయనా వెనకాల నిలబడ్డాం. అల్లుడి కాళ్ళ మీద నీళ్ళు పోయడానికి అక్క చెంబు అందుకుని కుడి చెయ్యి చాపింది. పమిట జారింది. నా చెయ్యి ముందుకు వెళ్ళబోయింది, ఆపుకున్నాను. ధార సన్నగా, తెగకుండా పడింది. పళ్ళెంలోంచి చిందిన చుక్క ఒకటి ఆకు మీద నిలిచింది. అక్క చెంబు కింద పెట్టి, పమిట కొసతో ఆ చుక్కని అద్ది, కొసని మళ్ళీ కప్పుకోకుండా ఒళ్ళో వదిలేసి, రెండో కాలికి చెంబు ఎత్తింది.