బస్సెక్కిన ప్రతి మనిషికో పువ్వు

మా పోద్లిష్కి ఊళ్ళో వెర్బా కట్టని ఇల్లు లేదు. సన్నటి కర్ర చుట్టూ ఎండుపూలు, గడ్డివెన్నులు వరసగా పేర్చి దారంతో బిగించుకుంటూ వస్తాం. మట్టల ఆదివారం నాడు విల్నియస్ చుట్టుపక్కల చర్చిలన్నిట్లో జనం చేతుల్లో ఉండేవి అవే. ఈ చలిదేశంలో ఖర్జూరపు మట్టలు ఎక్కణ్ణించి వస్తాయి? ఎవరు కట్టినా వెర్బా వెర్బానే కానీ, లియోకాడియా పిన్ని కట్టినదాంట్లో మాత్రం దారం ఎంత వెతికినా కనబడదు.

నేనీ ఊరికి కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్ళు. పూలు కట్టడం నాకు నేర్పింది పిన్నే. చలికాలమంతా ఆవిడ వంటింట్లో కూర్చుని కట్టేవాళ్ళం. రేడియోలో వార్తలు మోగుతుండేవి. హెన్రిక్ బాబాయ్ పుట్టినప్పటి నుంచీ ఒకే పార్టీకి ఓటేస్తున్నట్టు మాట్లాడతాడు. పిన్ని ఎవరికి వేసిందో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

"మీ పార్టీవాడు చర్చి దాకా రోడ్డేస్తానన్నాడుగా, ఏదీ?" అనేది.

"వేస్తాడు. నాలుగేళ్ళలో అన్నీ అయిపోతాయా?"

"నాలుగా? పద్నాలుగయింది. లెక్క రాకపోతే పోనీ, ఆ గడ్డివెన్నులన్నా ఏరు."

బాబాయ్ గొణుక్కుంటూ ఏరేవాడు.

విత్తనాల పొట్లాలు దాచే రేకు డబ్బాలోనే పిన్ని వాళ్ళ అమ్మమ్మ పెట్రోనెలా కాగితాలు కూడా ఉండేవి. ఆవిడ పుట్టినప్పుడు ఈ ఊరు జారు చక్రవర్తిది. తర్వాత జర్మన్లు వచ్చారు, పోలండ్ వచ్చింది, సోవియట్లు వచ్చారు. వచ్చిన ప్రతివాళ్ళూ ఆవిడకో కొత్త కాగితమిచ్చి పేరు తమకు తోచినట్టు రాశారు. పెట్రోనెలా మాత్రం ఆ ఇంట్లోనే ఉంది, ఆ పూలమళ్ళే వేసింది. చర్చి సరుకు బాహాటంగా అమ్మకూడని రోజుల్లో ఓ ఇన్‌స్పెక్టరు బుట్ట ఆపి ఇవేంటని అడిగితే, "ఎండుగడ్డి బాబూ, కుందేళ్ళకి" అందట. ఇది చెప్పినప్పుడల్లా పిన్ని చేతులు ఆగిపోయేవి. "ఎంత ధైర్యమో చూడు. అప్పటికి ఆవిడకి డెబ్బై ఏళ్ళు" అనేది.

పిన్నికి అరవై ఎనిమిది వచ్చిన ఏడాది జనవరిలో బస్టాపు దగ్గర ఓ కాగితం అంటించారు. మార్చి నెలాఖరు నుంచి మా ఊరి బస్సు మూడు ట్రిప్పులూ రద్దు. పిన్ని మండలాఫీసుకి వెళ్ళింది, నేనూ తోడెళ్ళాను. అక్కడి ఉద్యోగి మర్యాదగానే మాట్లాడాడు.

"మీ ఊళ్ళో ఎక్కేవాళ్ళు లేరండీ అమ్మగారూ. రోజుకి ఇద్దరో ముగ్గురో."

"ఎవరు లెక్కపెట్టారు బాబూ?"

"అంచనా అండీ."

"ఓహో, అంచనా," అని లేచి వచ్చేసింది.

ఫిబ్రవరి మొదటి సోమవారం పొద్దున్నే పిన్ని బస్టాపులో కూర్చునుంది. కింద గొర్రెతోలు, ఒళ్ళో పూలబుట్ట, చేతిలో మనిషి భుజం ఎత్తు కర్ర. బస్సెక్కిన ప్రతి మనిషికీ ఆ కర్రకో పువ్వు కట్టింది. బడికి వెళ్ళేవాళ్ళకి తెల్లది, పనికి వెళ్ళేవాళ్ళకి పసుపుది, ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళకి ఎర్రది. మూడు పూటలా అంతే. చేతితొడుగులు వేసుకుంటే ముడి పడదు, తీసేస్తే వేళ్ళు కొయ్యబారిపోతాయి. మధ్యమధ్యలో చేతులు చంకల్లో పెట్టుకుని వెచ్చచేసుకునేది.

మొదట్లో ఊరు నవ్వింది. బాబాయ్ అందరికంటే ఎక్కువ నవ్వాడు.

"మండలాఫీసులో మా పార్టీవాళ్ళ మీద కోపంతో న్యుమోనియా తెచ్చుకుంటావా?" అన్నాడు.

"మీవాళ్ళ మీద నాకు కోపమెందుకు? లెక్క రాదు పాపం, నేర్పుతున్నా."

రెండోవారం నుంచి జనం వాళ్ళంతట వాళ్ళే చెప్పడం మొదలెట్టారు. "లియోకాడియా, మా ఆవిడ మోకాళ్ళకి ఎర్రపువ్వు పెట్టావా?" అని యూజెఫ్ తాత బస్సు మెట్టు మీద నిలబడి అడిగేదాకా డ్రైవరు బండి కదిపేవాడు కాదు. మూడోవారంలో పిన్నికి దగ్గు పట్టుకుంది. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి బెంచీ మీద బాబాయ్ కూర్చునున్నాడు. పక్కన టీ ఫ్లాస్కు, ముక్కు మీద కళ్ళద్దాలు. పసుపు పువ్వొకటి వంకరగా కట్టి, విప్పి, మళ్ళీ కడుతున్నాడు. "ఏం చూస్తావు? దాన్ని పడుకోమన్నాను," అన్నాడు. ఆ నెలలో మిగిలిన సాయంత్రాలన్నీ ఆయనవే.

మాకు ఫిబ్రవరి అంటే చేతినిండా పని ఉండే నెల. మార్చి మొదట్లో విల్నియస్‌లో జరిగే కజిమిర్ తిరునాళ్ళలో అమ్మడానికి సరుకు తయారు కావాలి. ఆ ఏడు పిన్ని తిరునాళ్ళకి తెచ్చింది ఎప్పుడూ తెచ్చేదాంట్లో సగం కూడా లేదు. పదకొండింటికల్లా బల్ల ఖాళీ. "కాళ్ళకి విశ్రాంతి దొరికిందిలే," అంది కానీ, పక్క బల్లల వైపు చూడకుండా సంచులు మడతపెట్టుకుంది.

మార్చి మధ్యలో కౌన్సిల్ సమావేశం జరిగింది. పిన్ని పేరు పిలిచాక, ఏ భాషలో మాట్లాడతారని ఓ సభ్యుడు అడిగాడు. మా ఇళ్ళల్లో మాట పోలిష్, సర్కారు భాష వేరు; అందుకే మా దగ్గర ఆ ప్రశ్నకో మంట ఉంది. హాలంతా బిగుసుకుపోయింది.

"మాట్లాడ్డానికి రాలేదు బాబూ. ఇది చూపిద్దామని వచ్చా," అని ఆ వెర్బాని బల్ల మీద పొడుగ్గా పడుకోబెట్టింది. ఒక చివర నుంచి ఇంకో చివరకి రంగులే రంగులు. "మూడు వందల ముప్పై ఎనిమిది. ఇరవై నాలుగు రోజులు. నా మాట నమ్మక్కర్లేదు, లెక్కపెట్టుకోండి. కాకపోతే ఎర్రవాటి దగ్గర కాస్త నెమ్మదిగా. వాళ్ళు జబ్బు మనుషులు."

ఎవరో నవ్వారు. అధ్యక్షుడు నవ్వలేదు. వేలు పెట్టి నిజంగానే కాసేపు లెక్కపెట్టాడు.

మూడు ట్రిప్పులూ నిలబడ్డాయని చెప్పలేను. పొద్దుటిదీ సాయంత్రానిదీ ఉంచారు, మధ్యాహ్నానిది పోయింది. ఊరు సంబరపడింది. పిన్ని పడలేదు. "ఆసుపత్రి వాళ్ళు సాయంత్రం దాకా అక్కడేం చేస్తారు?" అంటూ మర్నాడే ఉత్తరం రాయడానికి కూర్చుంది. అలా ఇప్పటికి తొమ్మిది ఉత్తరాలు రాసింది.

ఆ ఏప్రిల్లో ఊరి పెద్దని ఎన్నుకున్నారు. జీతం లేని పదవి, తిట్లు మాత్రం దండిగా ఉంటాయి. పిన్ని వద్దంటున్నా అందరూ ఆవిడకే చెయ్యెత్తి ఓటేశారు. అందరికంటే ముందు లేచింది బాబాయ్ చెయ్యి.

మే నెలలో నేను నారు అడగడానికి వెళితే పిన్ని మళ్ళలో గొంతుక్కూర్చుని విత్తనాలు చల్లుతోంది. ఫోను మోగింది. మట్టి చేత్తోనే ఎత్తింది. ఎవరింటి ముందో వీధిదీపం వెలగడం లేదట.

"ఎన్నాళ్ళయింది? సరిగ్గా చెప్పమ్మా. అంచనాలొద్దు," అంది.