చిరుగు ఫొటో పంపండి

మా వదిన రఫ్ఫు చేశాక చిరుగు ఎక్కడుందో చూపించమంటే బట్ట తెచ్చినవాళ్లే తెల్లమొహం వేస్తారు. ఆ బట్ట మడతల్లోంచే పోగులు లాగి, నేత ఎలా ఉంటే అలా సూదితో అల్లేస్తుంది. అంత పనితనం ఉండి కూడా నిరుడు మేమిద్దరం కొట్లో ఈగలు తోలుకుంటూ కూర్చున్నాం. చిరిగితే పారేసి కొత్తది కొనుక్కునే రోజులాయె. వానలు వెనకబట్టేలోగా బేరాలు పుంజుకోకపోతే కొట్టు మూసేసి, ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టడానికి పోతానని వదిన తేల్చి చెప్పింది. ఆ మాట వినగానే నాకు ఏడుపొచ్చింది.

వదిన కూతురు, అంటే నా మేనకోడలు, ఇన్‌స్టాగ్రామ్ పెడదామని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. చిరుగు ఫొటో ఒకటి, రఫ్ఫు అయ్యాక ఇంకొకటి, వెనకాల హుషారైన పాట. మొదట పెట్టినవి మోచేతి దగ్గర చిరిగిన ఒక లాయరుగారి నల్లకోటు ఫొటోలు. చాలామందే చూశారు. చూసినవాళ్లంతా రెండోది కొత్త కోటని, ఇది మోసమని రాశారు. జాడ తెలియకపోవడమే మా పని గొప్ప, ఫొటోలో ఆ గొప్పే మా కొంప ముంచింది. అది చాలదన్నట్టు, రంగు కలవని గుండీని బట్టి కోటు ఎవరిదో కోర్టంతా పోల్చుకుంది. లాయరుగారు వచ్చి మామీద ఒంటికాలి మీద లేచారు. మళ్లీ ఈ గడప తొక్కనన్నారు. తప్పు మాదేనని వదిన ఒప్పుకుని, ఆయన ముందే ఆ ఫొటోలు తీసేయించింది.

మేనకోడలు ఊరుకునే రకమా? యూట్యూబ్ అంది, ఫేస్‌బుక్ అంది. వదిన సూది పక్కన పెట్టింది.

"కొత్త కోటు కొన్నవాడు నలుగురికీ చూపిస్తాడే. చిరిగినవాడు దాచుకుంటాడు. మనకి నలుగురూ చూసే చోటెందుకు? గుట్టుగా అడిగే చోటు కావాలి."

వాట్సాప్ ఒక్కటి చాలంది. నాకైతే నమ్మకం కుదరలేదు. వదిన మాత్రం తడుముకోకుండా ఊళ్లోని డ్రైక్లీనింగ్ కొట్లన్నీ తిరిగి కార్డులు పెట్టి వచ్చింది. వాటి మీద మా నంబరు, దాని కింద రెండు ముక్కలు: చిరుగు ఫొటో పంపండి. ఎవరికీ చూపించం.

ఫొటోలు రావడం మొదలైంది. ఒకరు ఇది మా తమ్ముడి ప్యాంటంటారు, ఇంకొకరు పక్కింటావిడ శాలువా అంటారు. తన బట్టే చిరిగిందని ఒప్పుకున్న మనిషి ఒక్కరూ లేరు. అయినా ఆ బేరాలు కొట్టు నిలబడేటంత కావు. వానలేమో తగ్గుముఖం పట్టాయి. ఫ్యాక్టరీ సూపర్‌వైజరు ఎప్పుడు చేరతావని ఫోను చేశాడు. సాయంత్రం చెబుతానంది వదిన.

ఆ మధ్యాహ్నమే తెలియని నంబరు నుంచి ఒక ఫొటో వచ్చింది. జేబు చిరిగిన నల్లకోటు, 'మా స్నేహితుడిది' అని రాసి ఉంది. వదిన దాన్ని పెద్దది చేసి, జేబు వదిలేసి మోచెయ్యి కేసి చూసింది. నాకక్కడ ఏమీ కనబడలేదు. తన చేతిపని తనకి తెలియదా? గుండీ మార్చేశాడు మహానుభావుడు అని నవ్వుకుని, తీసుకురమ్మని జవాబు పెట్టింది.

సాయంత్రం లాయరుగారు గడప తొక్కారు. చంకలో ఒక కోటు కాదు, మూటెడు.

"ఇవన్నీ మా స్నేహితులవేనమ్మా," అన్నారు గోడకేసి చూస్తూ.

"ఎవరివని మేం అడగమండీ," అంటూ వదిన మూట అందుకుంది. దాన్ని ఒళ్లో పెట్టుకునే ఫ్యాక్టరీకి ఫోను చేసి, తను రావడం లేదని చెప్పేసింది.