సీరియల్ తారుమారు చేసిన ఏళ్లు

ఆ ఏడాది రాయపూర్ దేవేంద్ర నగర్‌లోని మా ఇంట్లో అందరూ ఒకే సీరియల్ చూసి కళ్లు తుడుచుకున్నారు. పాతకాలపు పెద్ద నటి జీవితకథ. భర్త వదిలేశాక ఆవిడకు వేషాలు రాలేదనీ, దిక్కులేక చనిపోయిందనీ చూపించారు. నటన పిచ్చి వల్లే కాపురం పోయిందని ఆవిడ ఆడపడుచు పాత్ర చేత నీతి కూడా చెప్పించారు. నాకు ఒళ్లు మండింది.

మా మనవరాలికి అప్పుడు పదిహేనేళ్లు. తెలుగు సంఘం ఉగాది నాటకంలో నాయిక వేషం దానిదే. రాయపూర్‌లో పుట్టిన మా పిల్లలకు తెలుగు చదవడం రాదు. మాటలు హిందీ అక్షరాల్లో రాసుకుని బట్టీ పడతారు. ఇదీ అలాగే పట్టింది, ఒక్క మాట పోకుండా. నటి చనిపోయిన భాగం వచ్చిన మర్నాడే మా అబ్బాయి సంఘం కార్యదర్శికి ఫోన్ చేసి దాన్ని మాన్పించాడు. మాకు తర్వాత చెప్పాడు.

“ఆవిడ గతి చూసావు కదమ్మా. బస్, ఇక చాలు, మనకొద్దు ఈ నాటకాలు.”

“ఆవిడ గతేటో నీకెవడు చెప్పాడ్రా?”

“టీవీలో చూపించారు కదా!”

“ఆవిడ్ని మొగుడు వదిలేసాడని పేపర్లో పడ్డప్పటికి నువ్వు పుట్టనే లేదు. ఆ తర్వాతొచ్చిన సినిమాలు ఇక్కడే చూసాను, ఆదివారం పొద్దుటాటకి. ఒకటి నువ్వు కడుపులో ఉండగా, ఇంకోటి ఒళ్లో ఉండగా. నువ్వు గుక్కపెడితే మీ నాన్న బయటకెత్తుకెళ్లారు గానీ, నేను కుర్చీ వదల్లేదు. వేషాల్లేనిదానికి ఆ సినిమాలెక్కడివిరా?”

“అరే అమ్మా, ఎప్పటి లెక్కలు! ఛోడో నా, వదిలెయ్.”

పని చేసి నిలబడ్డ మనిషి ఏళ్లకేళ్లు సీరియల్ వాళ్లు కోసి పారేశారు. ఆ కోత చూసి వీడు కూతురి నోరు కట్టాడు. నేనే కార్యదర్శికి ఫోన్ చేశాను. “వేషం మోవా వైపు ఉండే అమ్మాయికిచ్చేశాం పిన్నిగారూ,” అన్నాడు.

ఉగాది సాయంత్రం మావాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, “బయల్దేరదామా అమ్మా?” అన్నాడు.

“పద. ఆ మోవా పిల్ల తండ్రికి టీవీ లేదు కాబోలు, చూసొద్దాం.”

సంఘం హాల్లో ముందు వరసలో కూర్చున్నాం. వేదిక మీద నాయిక అనే ప్రతి మాటకూ నా పక్కన మనవరాలి పెదవులు కదులుతూనే ఉన్నాయి. మావాడు చప్పట్లు కొడుతున్నాడు, ఇటు తిరగకుండా.